ఒలుపు

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో
ఇరవై రెండేళ్లుగా గుమస్తాని.
చిట్టా, ఆవర్జా, గండేరా ఎంత, గటగట ఎంత,
అన్నీ తలలోనే ఉంటాయి.
కాగితం ఎవరైనా అడిగితే రాసిస్తాను.

నలభై ఏడో ఏట నాకో పురుగు కుట్టింది.
రోజూ కాయ ధర ఫోన్లో కనపడేలా
నా చేత్తో నేనే ఒక పేజీ కట్టాలని.
షావుకారు సత్తిరాజు గారు నవ్వి
"కట్టవయ్యా, తాళాలు మాత్రం నాకియ్యి" అన్నారు.

మూడు నెలల రాత్రిళ్లు.
కౌశిక మీంచి దోమలు.
మా మంగాయమ్మ నిద్దట్లోనే
"ఇంకా అవలేదా?"

లేచింది పేజీ. ఆకుపచ్చ గీతలు, తెల్లటి గళ్లు.
కానీ వెయ్యి కాయ పద్నాలుగు వేలకి
హమాలీ ఆరొందలు కలపమంటే
కోటీ నలభై లక్షల ఆరొందలంది.
ఆ లెక్కన ఒక్క లారీ ఎత్తితే చాలు,
సత్తిరాజు గారు గోదాట్లో లంకలన్నీ కొనెయ్యచ్చు.

అడిగాను.
తెలిసినవాళ్లుంటారట, ఎక్కడెక్కడో, మేలుకుని.
అడిగితే చెబుతారట.
నాకొచ్చిన ఇంగ్లీషులో
ముందు నమస్కారమండి అని పెట్టి,
వయసు చెప్పి, ఊరు చెప్పి,
కొత్తవాణ్ణి, తప్పులుంటే మన్నించమని,
మీ పిల్లాపాపా చల్లగా ఉండాలని,
మధ్యలో ఎక్కడో ప్రశ్న.

తెల్లారేసరికి ఎవరో ఒలిచేశారు.
నమస్కారం లేదు. అండి లేదు.
చల్లగా ఉండాల్సిన పిల్లలు లేరు.
మిగిలింది రెండు వాక్యాలూ, పన్నెండు వరసల కోడూ.
కింద ఒకాయన: ఇది వందసార్లు అడిగిందే, వెతికావా?
ఇంకొకాయన: ఇంతవరకూ ఏం చేసి చూశావు?

ముఖం చెల్లలేదు నాకు.
మా వైపు దారి అడగాలన్నా
ఏవండోయ్ అని పిలిచి, మంచినీళ్లు తాగి,
గేదె ఈనిందా అని కనుక్కుని
అప్పుడు కదా అడుగుతాం!

ఆ పూట ధర్మారావు కాయ ఒలుస్తున్నాడు.
గునపం మొనకి గుచ్చి, మూడు తిప్పులు.
పీచు అటు, కాయ ఇటు.
నేను అలా నిలబడి చూస్తుంటే
"కోపమేం లేదండి దాని మీద," అన్నాడు.
"రోజుకి వెయ్యి ఒలవాలంటే
ఒక్కోదాన్నీ పలకరించలేను కదండి."
నా ముఖంలో ఏం కనపడి అన్నాడో
ఇప్పటికీ తెలీదు.

రాత్రి మళ్లీ కూర్చున్నాను.
ఏం చేసి చూశానో రాశాను, వరసగా,
చిట్టాలో జమ రాసినట్టు.
గంటకి జవాబు:
"నువ్వు అంకెలనుకున్నవి దానికి అక్షరాలు.
కలపమన్నావు, పక్కపక్కన అతికించింది.
అవి అంకెలని ముందు దానికి చెప్పు."
అంతే. పేరు లేదు, ఊరు లేదు.

చెప్పాను.
పద్నాలుగు వేల ఆరొందలు.

ఇరవై రెండేళ్లు అంకెలు రాసినవాణ్ణి,
అంకెని అంకె అని ఒకరికి చెప్పాల్సొస్తుందని అనుకోలేదు.
మంగాయమ్మని లేపి చూపించాను.
"పద్నాలుగూ ఆరొందలేగా,
నన్నడిగితే నేను చెప్పనా!" అని అటు తిరిగింది.

అది రెండేళ్ల కిందటి మాట.
మొన్న ముసురు పట్టిన రాత్రి
ఎవరో పిల్ల, పేరు పలకడం రాదు నాకు,
వాళ్లమ్మ చేపల కొట్టుకి లెక్క కడుతోందట.
రెండు కిలోలూ మూడు కిలోలూ కలిపితే
ఇరవై మూడు వస్తోందట.
తెలివితక్కువ ప్రశ్నయితే క్షమించండి, అని మొదట్లోనే.
క్షమించండి, అని చివర్లో మళ్లీ.

ఈమధ్య ఒలిచే హక్కు నాక్కూడా ఇచ్చారు.
మొదటి క్షమించండి తీసేశాను.
రెండోదాని దగ్గర వేలు ఆగింది.
అది పీచో, కాయలో ముక్కో తేలలేదు.
ఉంచేశాను.

జవాబు మూడు వరసలు రాశాను.
చివర ఒక్క మాట, మన అక్షరాల్లో:
ఆయ్.

పొద్దున్న చూస్తే ఎవరో తీసేశారు.
కాటా దగ్గరికి వెళ్లేముందు
మళ్లీ పెట్టాను.